వీహెచ్‌టీ ఇంజిన్ ఎనామెల్: పాత బుల్లెట్, జావా ఇంజిన్ల మీద మన గోదావరి గాలిలో

పాత బుల్లెట్ ఇంజిన్‌కి రంగు కావాలని అడిగితే పెయింట్ల షాపులో ముందుగా చేతిలో పెట్టేది "600 డిగ్రీలు తట్టుకుంటుంది" అని రాసున్న వెండిరంగు డబ్బా. అంకె పెద్దదైతే రంగు కూడా గట్టిదేనని మనమూ నమ్మేస్తాం. నిజానికి ఇంజిన్‌లో ముప్పాతిక భాగానికి ఆ డబ్బా పనికిరాదు. దాని కంటే 288 డిగ్రీలు మాత్రమే రాసున్న వీహెచ్‌టీ కంపెనీ స్ప్రే రంగు, ఇంజిన్ ఎనామెల్, చాలా మేలు. ఇంట్లోనే రంగు వేసుకోవాలనుకునేవాళ్లకి మా సిఫారసు అదే. అయితే దానికీ కొన్ని పట్టింపులున్నాయి, తేమ ఎక్కువుండే మన జిల్లాల్లో అవి ఇంకా గట్టిగా పాటించాలి.

ముందు వేడి సంగతి. గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో ఛాంబర్, అంటే క్రాంక్ తిరిగే అడుగు పెట్టె (క్రాంక్‌కేస్), ఎంత తోలినా 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్, దాని రెక్కలు 150 దాకా పోతాయి, దాని మీద మూతలా ఉండే హెడ్ 200 దాకా, సైలెన్సర్ బెండు పైపు బిగించే చోట ఇంకాస్త ఎక్కువ. బెండు పైపు ఒక్కటే వీటన్నిటినీ దాటిపోతుంది. ఇప్పుడు ఆ 600 డిగ్రీల రంగు సంగతి చూడండి. అందులో ఉండేది సిలికోన్ రెసిన్, అల్యూమినియం పొడి. ఆ రెసిన్ గట్టిపడాలంటే సుమారు 200 డిగ్రీల వేడి కాసేపు నిలకడగా తగలాలి. ఛాంబర్‌కి ఆ వేడి జన్మలో తగలదు. అందుకే రంగు ఆరినట్టు కనిపిస్తుంది గానీ లోపల పచ్చిగానే ఉండిపోతుంది. తెల్ల గుడ్డతో రుద్దితే వెండి పొడి అంటుకొస్తుంది. టిక్లర్, అంటే స్టార్టు చేసే ముందు నొక్కే మీట, ఉన్న పాత కార్బురేటర్ అయితే నొక్కిన ప్రతిసారీ పొంగే పెట్రోలు ఛాంబర్ మీద పడి, చుక్క జారిన దారంతా రంగు కరిగి చార తేలుతుంది. రంగు నాసిరకమని షాపువాణ్ణి తిట్టుకుంటారు. తప్పు రంగుది కాదు, వేసిన చోటిది. అదే డబ్బా బెండు పైపు మీద వేస్తే బ్రహ్మాండంగా నిలుస్తుంది.

వీహెచ్‌టీ ఇంజిన్ ఎనామెల్ సరిగ్గా బోరు, హెడ్, ఛాంబర్ కోసం చేసినది. మధ్యమధ్యలో 288 డిగ్రీల దాకా తగిలినా తట్టుకుంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా 93 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు ఉంచితే పూర్తిగా గట్టిపడుతుంది. ఆ తరవాత పెట్రోలు, ఇంజిన్ ఆయిలు, డీజిలుతో తుడవడం, వేటికీ చలించదు. ఇదే కంపెనీ ఫ్లేమ్‌ప్రూఫ్ అని ఇంకో రకం అమ్ముతుంది, దాని మీద 1093 డిగ్రీల దాకా రాసుంటుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు చాలామంది పొరపడి అది తెప్పించుకుంటారు. అది గట్టిపడాలంటే 121, 204, 316 డిగ్రీల్లో మూడు విడతలు, విడతకి అరగంట చొప్పున కాల్చి, మధ్యలో అరగంట చల్లార్చాలి. అది సైలెన్సర్ సరుకు. డబ్బా మీద ఇంజిన్ ఎనామెల్ అని చూసి మరీ కొనండి.

ఇది దిగుమతి సరుకు. మామూలు స్ప్రే డబ్బా ధరకి కొన్ని రెట్లుంటుంది. గ్యాస్ నింపిన డబ్బాలు కాబట్టి విమానంలో పంపరు, రోడ్డు మార్గానే వస్తాయి, ఆలస్యమవుతుంది. పని మొదలుపెట్టాక ఆర్డరు పెడితే కడిగిన ఇనుము తుప్పు పట్టిపోతుంది. బుల్లెట్ 350 ఇంజిన్‌కి, అంటే బోరు, హెడ్, రెండు ఛాంబర్ ముక్కలకి, రంగు డబ్బాలు రెండు, అదే కంపెనీ ఇంజిన్ ప్రైమర్ ఒకటి ముందే తెచ్చి పెట్టుకోండి. డబ్బాలో 312 గ్రాములు ఉంటుంది. ఒక్క డబ్బాతో అంతా కానిచ్చేద్దామనుకుంటే చివరికి వచ్చేసరికి రంగు సన్నబడి, ఒక పక్క ముదురు, ఒక పక్క లేత.

ఏ భాగానికి వేయాలి, దేనికి వేయకూడదు అన్నది చాలామంది పట్టించుకోని విషయం. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో బోరు ఇనుము, హెడ్, ఛాంబర్ అల్యూమినియం. ప్రైమరీ కవర్, టైమింగ్ కవర్, రాకర్ కవర్లు పాలిష్ అల్యూమినియం. వీటికి రంగు వేయనే వేయకండి, బఫింగ్ చేయించి ఊరుకోండి. వాటి మీద మెరుపు కోసం క్లియర్ లక్క కొట్టిస్తారు. రాయి తగిలి కొంచెం లేచిందంటే దాని కింద తెల్లటి తీగల్లా తుప్పు పాకుతుంది, తీయాలంటే మళ్లీ మొత్తం బఫింగే. వేరే బండ్లకి ఏది ఇనుమో ఏది అల్యూమినియమో అనుమానం ఉంటే అయస్కాంతం ఆనించి చూస్తే తేలిపోతుంది. కంపెనీ వేసిన అసలు రంగు నలుపా వెండా అన్న తగువు తీరాలంటే బోరు విప్పాక అడుగు రెక్క కిందివైపు, పుష్‌రాడ్ల (వాల్వుల్ని తెరిచే కడ్డీల) పక్క సందుల్లో చూడండి. ఎన్నిసార్లు బ్రష్షు కొట్టినా అక్కడికి చేరదు, కంపెనీ రంగు తునక ఏదో ఒకటి మిగిలే ఉంటుంది.

రంగు పని ఇంజిన్ విప్పినప్పుడే పెట్టుకోవాలి. రీబోరు, అంటే అరిగిన బోరుని లోపల మళ్లీ కోయించడం, ఉంటే అది ముందు, రంగు తరవాత. లేత్ వర్క్‌షాపులో బిగింపులు, కటింగ్ ఆయిలు తగిలితే కొత్త రంగు నాశనం.

అసలు పని కడగడంలో ఉంది. రంగు ఊడిపోయిందన్న ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి. కిరసనాయిలు ఇప్పుడు దొరకడం కష్టం, డీజిల్‌తో సరిపెట్టుకోవచ్చు. పెట్రోలు మాత్రం వద్దు, బ్రష్షుతో రుద్దేటప్పుడు నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. డీజిల్లో నానబెట్టి, సన్న పెయింట్ బ్రష్షుతో, రెక్కల సందుల్లో పాత పళ్ల బ్రష్షుతో జిడ్డు వదిలించి, వేడినీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి రెండుసార్లు కడగాలి. పాత రంగు వదలకపోతే పెయింట్ రిమూవర్ వాడండి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేసి నల్లగా చేస్తుంది. బాత్రూములు కడిగే యాసిడ్ కూడా అంతే, పైగా పోతపోసిన సన్న రంధ్రాల్లో దాక్కుని రంగు వేశాక నెల రోజులకి పొక్కులుగా బయటపడుతుంది. చవగ్గా తెమిలిపోతుందని ఈ రెండూ వాడే షెడ్లున్నాయి. మీ ఇంజిన్ అప్పగించేటప్పుడు వద్దని గట్టిగా చెప్పండి.

ఇసుకతో బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి పాత రంగు వదిలించడం, కూడా వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకి ప్రమాదం, ఒక్క రేణువు ఆయిలు దారిలో ఉండిపోయినా బేరింగులు పోతాయి. గ్లాస్ బీడ్ (సన్న గాజు పూసల) బ్లాస్టింగ్ చేసేవాళ్లు దొరికితే మంచిదే, కానీ ప్రతి ఆయిలు రంధ్రానికీ రబ్బరు బిరడా పెట్టి ఇవ్వాలి, వచ్చాక గాలి, డీజిల్ కొట్టి కడగాలి. బిగించి ఉన్న ఇంజిన్‌ని బ్లాస్టింగ్‌కి ఇవ్వడమంటే చేజేతులా పాడుచేసుకోవడమే. ఇంట్లో చేసుకునేవాళ్లకి ఇత్తడి వైర్ బ్రష్షు, ఎమరీ పేపరు చాలు: 120తో మొదలుపెట్టి, 240, 320తో ఆపేయండి. ఇంకా నున్నగా చేయాలని 600 దాకా పోతే రంగుకి పట్టు దొరకదు.

జిడ్డు పూర్తిగా పోయిందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు పోసి చూడండి. శుభ్రమైన చోట నీరు పలచటి పొరలా పరుచుకుని జారుతుంది, జిడ్డున్న చోట చుక్కలుగా విడిపోతుంది. ఇంతటితో అయిపోలేదు. పాతికేళ్లు ఆయిలు తాగిన అల్యూమినియం పోత పైకి శుభ్రంగా ఉన్నా లోపల ఆయిలు దాచుకుంటుంది. హీట్ గన్‌తో చెయ్యి పెట్టలేనంత వేడి చేసి చూస్తే సన్న రంధ్రాల్లోంచి చెమట పట్టినట్టు ఆయిలు చుక్కలు తేలతాయి. తిన్నర్ గుడ్డతో తుడవండి, మళ్లీ వేడి చేయండి. చుక్కలు రావడం ఆగేదాకా ఇదే పని. తిన్నర్ ఆవిరి బాగా పోయి, ముక్క కాస్త చల్లారాకే ప్రతిసారీ హీట్ గన్ పెట్టాలి, లేకపోతే మంట లేస్తుంది. ముఖ్యంగా ఛాంబర్ కింది భాగంలో ఇలా చేయకపోతే రంగు వేశాక మొదటి దూరప్రయాణానికే అక్కడ పొక్కు లేస్తుంది.

ఇనుప బోరుకి ఇంకో తొందర ఉంది. మన తేమలో కడిగిన ఇనుము అరగంటలో పసుపుపచ్చగా తుప్పు తేలుతుంది. కడిగిన వెంటనే హీట్ గన్‌తో ఆరబెట్టి, చల్లారాక తిన్నర్ తుడిచి, ఆ గంటలోనే ప్రైమర్ పడిపోవాలి. ఈ పనికి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వాడేవాళ్లున్నారు. గేట్లకి, గ్రిల్స్‌కి అది సరిపోతుంది గానీ వేడెక్కే బోరు మీద మాడి పొడవుతుంది, పైన ఎంత ఖరీదైన రంగు వేసినా దానితోపాటే రాలిపోతుంది. అల్యూమినియానికి కూడా ప్రైమర్ తప్పనిసరి. ఆ లోహం మీద గాలికి ఎప్పుడూ ఒక ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, నేరుగా వేసిన రంగు దాని మీద పట్టు దొరక్క రేకులుగా లేస్తుంది.

మూసిపెట్టడం గురించి. బోరు పైనా కిందా అతుకు ముఖాలు, స్టడ్ రంధ్రాలు, నట్టు వాషర్లు కూర్చునే చోట్లు, ఎర్త్ వైరు బిగించే చోటు, వీటిని టేపు వేసి మూయాలి, రంగు పొర కూడా పడకూడదు. ప్యాకింగ్ (గ్యాస్కెట్) కింద రంగు ఉంటే ఆయిలు కారుతుంది. నట్టు కింద ఉంటే వేడికి రంగు నలిగి నట్టు వదులవుతుంది, హెడ్ ప్యాకింగ్ పోవడానికి అదొక కారణం. బోరుకి చక్కటి ఏర్పాటు ఏమిటంటే, లోపల పలచగా ఆయిలు రాసి, పైనా కిందా గుండ్రంగా కోసిన ప్లైవుడ్ ముక్కలు పెట్టి, మధ్యలోంచి పొడుగు బోల్టు దించి బిగించేయడం. లోపలికి రంగు పోదు, ఆ బోల్టుతోనే దండేనికి వేలాడదీసి నాలుగువైపులా తిప్పుతూ కొట్టుకోవచ్చు. ఛాంబర్ మీది ఇంజిన్ నంబరు జోలికి ఎమరీ పేపరు పోనివ్వకండి, ప్రైమర్ కూడా అక్కడ పలచగా ఒక్క విసురే. ఆర్‌సి బుక్కులో ఉన్న నంబరు బండి మీద చదవడానికి వీలు కాకపోతే ఆర్టీవో దగ్గర, ముఖ్యంగా పాత బండి రిజిస్ట్రేషన్ పొడిగింపు అప్పుడు, నానా ఇబ్బంది.

ఇక వాతావరణం. మన డెల్టాలో ఈ పనికి మంచి రోజులు సంక్రాంతి ముందూ వెనకా, అదీ మంచు విడిపోయాక ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 దాకా. వానాకాలంలో ఈ పని తలపెట్టకండి. డబ్బాలోంచి వచ్చే గ్యాసు, తిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ముక్క చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లదనానికి రంగు మీద కంటికి కనిపించని మంచు పడుతుంది, ఆరాక నలుపు మీద పాలు చిలికినట్టు తెల్లబారుతుంది. ముక్కని ముందుగా గోరువెచ్చగా, చెయ్యి హాయిగా పెట్టగలిగేంత వేడి చేసుకుంటే ఈ బాధ సగం తప్పుతుంది. డబ్బాని కూడా పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో ఉంచండి. మరిగే నీళ్లలో మాత్రం కాదు, పేలుతుంది.

దుమ్ము మనకి ప్రత్యేకమైన సమస్య. తణుకు, భీమవరం వైపు రైస్ మిల్లుల ఊక బూడిద నల్లటి రేకుల్లా గాలిలో తేలి వచ్చి తడి రంగు మీద సరిగ్గా వాలుతుంది. కోనసీమలో అయితే కొబ్బరి పీచు పొట్టు. ఆరుబయట వేయకండి. రెండు వైపులా గాలి ఆడే పంచలో నేల తడిపి, దోమతెర కట్టుకుని వేసుకుంటే చాలు. ముఖానికి గుడ్డ చాలదు, కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్కు పెట్టుకోండి.

వేసే పద్ధతిలో రెక్కలే పరీక్ష. ఎదురుగా నిలబడి కొడితే రంగంతా రెక్కల అంచుల మీదే పడుతుంది, లోపల ఇనుము అలాగే ఉంటుంది. ముందు ఏటవాలుగా, నాలుగు మూలల నుంచీ, పైనుంచీ కిందనుంచీ సందుల్లోకి కొట్టి, అంచులు చివర్లో ఒక్క విసురు. డబ్బాకీ ముక్కకీ మధ్య 20 నుంచి 25 సెంటీమీటర్లు. దూరం ఎక్కువైతే రంగు గాలిలోనే ఆరి ఎమరీ పేపర్‌లా గరుకుగా పడుతుంది. దగ్గరైతే కారుతుంది. ముందు రెండు పలచటి కోట్లు, తరవాత ఒక తడి కోటు, మధ్యలో పదేసి నిమిషాలు. అంతకు మించి వద్దు: రంగు మందమైతే రెక్కల వేడి బయటికి పోదు, పైగా మందపు పొర వేడికి పగులుతుంది.

ఈ రంగుతో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. తరవాతి కోటు గంటలోపు వేయాలి, లేదంటే ఏడు రోజులు ఆగాలి. మధ్యలో, అంటే "రేపు పొద్దున్న ఇంకో కోటు కొడదాం" అనుకుంటే, కింద సగం గట్టిపడిన పొరని పైరంగులోని తిన్నర్ ఉబ్బించి ముసలి చర్మంలా ముడతలు పడేస్తుంది. ముడత పడిందంటే సర్దుబాటు లేదు, మొత్తం గీకి మళ్లీ ప్రైమర్ నుంచి రావాలి. అందుకే మధ్యాహ్నం రెండు దాటాక మొదలుపెట్టవద్దు. డబ్బా నాజిల్ కూడా అంత గొప్పగా లేదు, రెక్కల సందులకి దాని విసురు మరీ వెడల్పు. పని మధ్యలో ఉమ్మినట్టు చుక్కలు పడుతుంటే నాజిల్ తీసి తిన్నర్‌లో ముంచి ఊదండి. పని అయ్యాక డబ్బా తలకిందులు చేసి ఉత్త గ్యాసు వచ్చేదాకా నొక్కితే మిగిలిన రంగు తరవాత కూడా పనికొస్తుంది. నిగనిగలాడే నలుపు కాస్త కొత్తబండి మెరుపులా ఉంటుంది. పాత బండి అందం పోకూడదనుకుంటే శాటిన్ నలుపు తీసుకోండి.

కాల్చడం మానేస్తే డబ్బు దండగ. పైకి ఆరిందని బిగించేసి, కాల్చకుండా పెట్రోలు తగిలించి, "ఈ రంగు కూడా అంతే" అనేవాళ్లు చాలామంది. టేపు, ప్లైవుడ్ తీసేశాక బోరుని, హెడ్‌ని పెద్ద ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) 93 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. ముక్క మందంగా ఉంటుంది కాబట్టి లోహం అంత వేడెక్కాకే టైము లెక్కపెట్టండి. వంటకి వాడే ఓటీజీలో ఇది పెట్టకండి, ఆ ఆవిరి మళ్లీ తిండిలోకి చేరుతుంది. సెకండ్ హ్యాండ్‌ది ఒకటి ఈ పనికే ఉంచుకోవడం మంచిది. ఓటీజీ లేకపోతే ఇంజిన్ బిగించాక పది నిమిషాలు స్టార్టింగ్‌లో ఉంచి పూర్తిగా చల్లార్చండి, తరవాత ఇరవై నిమిషాలు. బోరుకి, హెడ్‌కి అది సరిపోతుంది. పాత జావా, యెజ్డీ లాంటి టూ స్ట్రోక్‌కి ఎదురుగా ఫ్యాను పెట్టకుండా అంతసేపు ఉంచకండి. ఛాంబర్ మాత్రం నిలబెట్టి స్టార్టు చేస్తే అంత వేడెక్కదు, కొత్తగా బోరు చేయించిన బండిని హైవే మీద పరిగెత్తించనూ కూడదు. కాబట్టి ఛాంబర్ ముక్కల్ని విడిగా ఉన్నప్పుడే రేకు పెట్టెలో పెట్టి హీట్ గన్‌తో వేడెక్కించండి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే చాలా తేలిక. మే నెల ఎండలో పెట్టేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు, ఎండకి ఎంత కాలినా లోహానికి 93 డిగ్రీలు రావు.

కంప్రెసర్, గన్ ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది: ఛాంబర్ వరకు ఎపాక్సీ ప్రైమర్ మీద టూ కే పీయూ, అంటే హార్డెనర్ కలిపి కొట్టే పాలీయూరిథేన్ రంగు. అక్కడి వేడికి అది బాగానే నిలుస్తుంది, కాల్చే గొడవ లేదు, పెట్రోలుకి లొంగదు, మొత్తం మీద చవక. బోరు, హెడ్ మీద మాత్రం పసుపెక్కి పెళుసుబారుతుంది. దాని హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, మామూలు మాస్కుతో ఇంటి పంచలో కొట్టే సరుకు కాదు. పౌడర్ కోటింగ్ అడిగేవాళ్లు కూడా ఉన్నారు. ఛాసిస్‌కి, స్టాండుకి సరే గానీ రెక్కల బోరుకి ఆ మందం అనవసరం, సందుల్లోకి పొడి సరిగ్గా పోదు కూడా.

అంతర్వేది, ఉప్పాడ వైపు, రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే బండ్లకి ఒక మాట. చెరువు నీళ్లు చిలికే ఏరేటర్లు చిమ్మే ఉప్పు తుంపర రెక్కల అంచుల మీద, బోల్టు తలల చుట్టూ ముందు పని మొదలుపెడుతుంది, ఎందుకంటే అంచుల మీద ఏ రంగైనా పలచగానే నిలబడుతుంది. ఇంజిన్ చల్లారాక వారానికోసారి మంచినీళ్లతో కడగండి, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టకండి. అల్యూమినియం మీద తెల్లపొడి, ఇనుము మీద ఎర్ర చుక్క కనిపించిన రోజే ఆ మేరకు 320 పేపరుతో రుద్ది, తిన్నర్ తుడిచి, డబ్బాలోంచి కాస్త మూతలోకి కొట్టుకుని సన్న బ్రష్షుతో అద్దండి. మర్నాడు ఇంజిన్ బాగా వేడెక్కేదాకా తోలితే బోరు, హెడ్ మీది అతుకు గట్టిపడుతుంది, ఛాంబర్ మీది అతుకుకి హీట్ గన్ పెట్టండి.